మా బూత్‌లో ఓటర్లు ఎవరు: చిత్తూరులో బీఎల్‌ఓగా నా అనుభవం

నేను చిత్తూరులో వార్డు సచివాలయ ఉద్యోగిని. 2023 జులైలో ఒక పోలింగ్ బూత్‌కి నన్ను బీఎల్‌ఓగా, అంటే ఓటర్ల జాబితా చూసుకునే బూత్ లెవెల్ ఆఫీసరుగా వేశారు. 2024 మే 13న పోలింగ్ ముగిసేదాకా ఆ బూత్ జాబితా నా చేతిలోనే ఉంది. ఇక ముందు ఈ డ్యూటీ పడేవాళ్ళ కోసం, పడినవాళ్ళను తిట్టుకునే ఓటర్ల కోసం కూడా, జరిగింది జరిగినట్టు రాస్తున్నా. ట్రైనింగ్‌లో యాప్ ఎలా వాడాలో చెప్తారు. తలుపు తీసినవాళ్ళు ఏం మాట్లాడతారో చెప్పరు.

జులై 21 నుంచి ఆగస్టు 21 వరకు ఇంటింటి సర్వే. ఇచ్చింది ఒక ప్రింటు తీసిన జాబితా, ఒక రిజిస్టరు. ఫోన్ మనది, డేటా మనది, స్కూటీకి పెట్రోలు మనది. ఏడాదికి 6 వేలు గౌరవ వేతనం అన్నారు. వెయ్యికి పైగా పేర్లు. చనిపోయినవాళ్ళు, ఊరు మారినవాళ్ళు, రెండుచోట్ల ఉన్నవాళ్ళు, డోర్ నంబరు దగ్గర సున్నా ఉన్నవాళ్ళు, ఒకే డోర్ నంబరు మీద పది మందికి మించి ఓట్లు ఉన్న ఇళ్ళు, నూరేళ్ళు దాటినవాళ్ళు. ఇవన్నీ మనిషి మనిషినీ చూసి తేల్చాలి. సచివాలయం పని మామూలే, అది తగ్గదు. కాబట్టి పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం ఐదున్నర తర్వాత తిరిగేదాన్ని. పగలు పోయినా లాభం లేదు, ఇంట్లో ముసలివాళ్ళు తప్ప ఎవరూ ఉండరు.

నా బూత్‌లో ఒక డోర్ నంబరు మీద ఓట్లు ఎక్కువగా ఉన్నాయని ముందే ఎర్ర గీత పెట్టి ఇచ్చారు. దొంగ ఓట్లేమో అని భయపడుతూ పోయాను. తీరా చూస్తే అది లైను ఇళ్ళు. ఒకే గేటు, లోపల వరసగా ఒంటి గది కాపురాలు. ఓనరు డోర్ నంబరే అందరికీ రాసుకున్నారు. ఆ పేర్లలో సగం మంది అక్కడ లేరు. "వాళ్ళా మేడం? హోసూరు పోయి రెండేండ్లయింది." "ఈయమ్మ వాళ్ళు బెంగుళూరులో ఉండారు, పండక్కి వస్తారు." పక్కింటివాళ్ళు చెప్పేది రాసుకోవడమే. వాళ్ళ చోట కొత్తగా అద్దెకు వచ్చినవాళ్ళ ఓట్లు మదనపల్లె దగ్గరో, పలమనేరు పక్క పల్లెల్లోనో ఉన్నాయి. అంటే లైను ఇళ్ళలో ఉన్నవాళ్ళకు ఇక్కడ ఓటు లేదు, ఓటున్నవాళ్ళు ఇక్కడ లేరు. తర్వాత నెలల్లో నాకు బాగా అర్థమైన సంగతి ఇదే. జాబితాలో ఉన్న వీధి వేరు, నేను తిరిగే వీధి వేరు.

బీగం వేసి ఉందని పేరు తీసేయడానికి లేదు. పక్కవాళ్ళ వాంగ్మూలం, నోటీసు, గడువు, ఆ తర్వాత ఫారం 7, అంటే పేరు తీసేయమనే అర్జీ. అసలు కష్టం బీగం వేసిన ఇళ్ళతో కాదు, తలుపు తీసిన ఇళ్ళతో. కొడుకు కోడలు బెంగుళూరులో స్థిరపడ్డారు, పిల్లలు అక్కడే స్కూలు. "ఓటు అక్కడికి మార్పించుకోమని చెప్పండమ్మా" అంటే ఆ తల్లి ముఖం మాడిపోయింది. "పేరు తీసేస్తే రేషన్ కార్డులో కూడా పోతుందా? ఇంటి పట్టాకు ఏమన్నా అడ్డమొస్తుందా?" ఓటుకూ రేషన్ కార్డుకూ సంబంధం లేదని ఎంత చెప్పినా నమ్మకం లేదు. చనిపోయినవాళ్ళ పేర్లు తీయడానికీ అదే భయం. భర్త పోయి మూడేళ్ళయిన ఒక అక్క, ఫారం 7 మీద సంతకం పెట్టే ముందు నన్ను కూర్చోబెట్టి తన వితంతు పింఛనుకు ఏం కాదని ఒట్టు వేయించుకుంది. వేశాను.

వయసు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే తర్వాత దాని దగ్గరే పెద్ద గొడవలు వచ్చాయి. టీవీలో ఎన్నికలప్పుడు ఇంతమంది యువ ఓటర్లు, ఇంతమంది వృద్ధులు అని లెక్కలు వేస్తారు కదా. ఆ లెక్క మొదలయ్యేది జాబితాలో ఉన్న వయసుతో. పాత పేర్లకు ఆ వయసు ఎప్పుడో, ఎవరో, మనిషిని చూసి అంచనాగా వేసిన అంకె. నా జాబితాలో నూట ఒక్క ఏళ్ళని ఉన్న ఒక అవ్వను వెతుక్కుంటూ పోతే, ఆమె మెట్లు దిగి వచ్చి నాకే కుర్చీ వేసింది. డెబ్బై అయిదు దాటి ఉండవు. ఇంకో ఇంట్లో మంచం మీద ఉన్న తాత, ఆయన పెద్దకూతురికే అరవై ఎనిమిది. జాబితాలో ఆయన వయసు డెబ్బై తొమ్మిది. "అప్పుడు సారొచ్చి ఎంత అంటే యాభై వేసుకో నాయనా అన్నా" అన్నాడు. పుట్టిన తేదీ కాగితం ఎక్కడి నుంచి తెస్తాడు? ఆధార్‌లో కూడా జనవరి 1 అని ఉంటుంది ఆ వయసు వాళ్ళందరికీ.

అక్టోబరు 27న ముసాయిదా జాబితా వచ్చింది. అభ్యంతరాలకు, కొత్త దరఖాస్తులకు డిసెంబరు 9 గడువు. శని, ఆదివారాల్లో బూత్ దగ్గర క్యాంపు. స్కూలు వరండాలో టేబులు వేసుకుని కూర్చుంటే మొదటి రోజు వచ్చినవాళ్ళంతా తెల్ల జుట్టే. ఫొటో మారలేదు, ఇంటిపేరు తప్పు పడింది, డోర్ నంబరు పాతది. పద్దెనిమిది నిండినవాళ్ళు ఎక్కడ? వీధిలో చూస్తే బైకుల మీద కావలసినంత మంది. ఇప్పుడు రూలు కూడా సులభం. ఇదివరకు జనవరి 1 నాటికి పద్దెనిమిది నిండాలి, ఒక్క రోజు తేడా వచ్చినా ఏడాది ఆగాలి. ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగూ లెక్కకు వస్తాయి. పదిహేడు నిండగానే ముందుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. అయినా రారు. ఒక అబ్బాయి నిజాయితీగా చెప్పాడు: "ఆధార్ ఉంది, పాన్ ఉంది, లైసెన్స్ ఉంది. ఈ కార్డు దేనికి మేడం?" ఓటు వేయడానికి అన్నాను. "ఎలక్షన్ వచ్చినప్పుడు చూసుకుందాం" అన్నాడు.

తాతలు దీనికి కోప్పడేవాళ్ళు. మా బూత్‌లో ఒక రిటైర్డ్ పంతులు గారు ఉన్నారు. మా కాలంలో 21 నిండితేగాని ఓటు లేదు, 1989లో పద్దెనిమిది చేశారు, అయినా ఈ పిల్లలకు లెక్కలేదు అని నా టేబులు దగ్గరే కూర్చుని వచ్చేపోయేవాళ్ళకు క్లాసు పీకేవారు. నాకు మాత్రం పిల్లల మీద అంత కోపం రాలేదు. ఇంటర్ అయిన వెంటనే సగం మంది తిరుపతి, బెంగుళూరు, చెన్నై హాస్టళ్ళకు పోతారు. ఎక్కడ పేరు పెట్టుకోవాలో వాళ్ళకే తెలియదు.

కాలేజీల్లో కూడా క్యాంపులు పెట్టారు. అక్కడ ఫారం 6లు, అంటే కొత్త ఓటు దరఖాస్తులు, బాగానే వచ్చాయి. అవి మళ్ళీ నా యాప్‌లోకి వచ్చి, నేను ఇంటికి పోయి చూడాలి. అలా పోయినప్పుడు ఒక సంగతి బయటపడింది. మగపిల్లాడి పేరు పెట్టించడానికి ఇంట్లో ఎవరికీ అభ్యంతరం లేదు. ఆడపిల్ల దగ్గరికి వచ్చేసరికి, "ఇప్పుడెందుకు మేడం, రేపు పెళ్ళైతే మళ్ళీ మార్చాల కదా, అత్తగారింట్లోనే పెట్టించుకుంటాది" అనేవాళ్ళు. ఒక ఇంట్లో బీకాం చదివే అమ్మాయి కాలేజీలో తానే ఫారం నింపి పంపింది. వాళ్ళ నాన్న నా ముందే "ఎవరినడిగి చేసినావు?" అని అరిచాడు. ఆ పిల్ల ఏం మాట్లాడలేదు, లోపలికి పోయి పదో తరగతి మార్కుల లిస్టు తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను ఫొటో తీసి వెరిఫై కొట్టేశాను. ఆయన ఇంకా అరుస్తూనే ఉన్నాడు.

పెళ్ళై వచ్చిన కోడళ్ళది ఇంకో కథ. చిత్తూరులో వేలూరు నుంచి, గుడియాత్తం నుంచి వచ్చిన కోడళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నారు. వాళ్ళ ఓటు తమిళనాడులో తండ్రి పేరు మీద ఉంటుంది, జాబితా తమిళంలో. ఇదివరకు నియోజకవర్గం మారితే కొత్తగా ఫారం 6 పెట్టేవాళ్ళు, పాతది అక్కడే మిగిలిపోయేది. 2022 ఆగస్టు నుంచి చిరునామా మార్పుకైనా, తప్పుల సవరణకైనా ఫారం 8 ఒక్కటే, పాత కార్డు నంబరే కొనసాగుతుంది. కానీ పేరు తమిళం నుంచి ఇంగ్లీషుకు, ఇంగ్లీషు నుంచి తెలుగుకు వచ్చేసరికి సొంత మనిషి కూడా గుర్తుపట్టలేనట్టు అవుతుంది. దాన్ని సరిచేయడానికి మళ్ళీ ఫారం 8. ఒక అక్కది జులైలో మొదలుపెడితే డిసెంబరు చివరికి కొలిక్కి వచ్చింది. నెట్ సెంటరువాడు ఒక్కో ఫారానికి 100 రూపాయలు తీసుకున్నాడట. ఫోన్‌లో చేసుకుంటే పైసా ఖర్చు లేదు, బీఎల్‌ఓ దగ్గర ఇచ్చినా ఖర్చు లేదు. దయచేసి ఇది మీ ఇంట్లోవాళ్ళకు చెప్పండి.

నవంబరు, డిసెంబరు నాకు నిద్రలేదు. ఫారం 7లు కట్టలు కట్టలుగా వచ్చాయి. ఈ పేరు తీసేయండి, ఆ పేరు తీసేయండి అని ఒక పక్షం, అవి మావాళ్ళవి, ఎలా తీస్తావు అని ఇంకో పక్షం. పార్టీల పేర్లు చెప్పను, రెండువైపుల నుంచీ ఫోన్లు వచ్చాయి. కొన్ని ఫారాల మీద ఉన్న సంతకం తనది కాదని అసలు మనిషే చెప్పాడు. ప్రతిదానికీ ఇంటికి పోవాలి, ఫొటో తీయాలి, రాసిపెట్టాలి. బతికున్న పెద్దావిడ దగ్గరికి పోయి "మీరు చనిపోయారని అర్జీ వచ్చిందమ్మా" అని చెప్పాల్సి వచ్చింది. ఆమె నవ్వింది. వాళ్ళ కొడుకు నవ్వలేదు, గేటు దాకా నా వెనకే వచ్చి ఎవరిచ్చారో చెప్పమని పట్టుబట్టాడు. ఆ వారం మా ఆయన్ని తోడు తీసుకుని తిరిగాను.

తుది జాబితా మన రాష్ట్రంలో 2024 జనవరి 22న వచ్చింది. ఆ తర్వాత కూడా చేర్పులు ఆగలేదు. పోలింగ్ నాటికి రాష్ట్రంలో 4 కోట్ల 14 లక్షల ఓటర్లు, అందులో మగవాళ్ళకంటే ఆడవాళ్ళు 7 లక్షలకు పైగా ఎక్కువ. పేపర్లో మహిళా శక్తి అని పెద్ద హెడ్డింగులు పెట్టారు. నా బూత్‌లోనూ ఆడవాళ్ళే ఎక్కువ. నేను పేరు పేరునా చూశాను కాబట్టి చెప్తున్నా, నా దగ్గర ఆ తేడా ఎక్కువగా అరవై దాటిన పేజీల్లోనే ఉంది. భర్త పేరు అని ఉన్నచోట ఉన్న మనిషి ఎప్పుడో పోయాడు, ఆమె ఒంటరిగా ఉంది, పిల్లలు వేరే ఊళ్ళో ఉన్నారు. పద్దెనిమిది, పందొమ్మిది ఏళ్ళవాళ్ళలో మాత్రం మగపిల్లలే ముందున్నారు. మిగతా బూత్‌ల సంగతి వేరుగా ఉండొచ్చు.

మార్చి 1న ఇంకో పిడుగు పడింది. ఇంటి దగ్గరే ఓటు వేసే సౌకర్యం అంతకుముందు 80 ఏళ్ళు దాటినవాళ్ళకు ఉండేది. పక్క రాష్ట్రం తెలంగాణలో 2023 నవంబరులో అలాగే జరిగింది, మా వీధిలోవాళ్ళు టీవీలో చూశారు. నేను కూడా 80 దాటినవాళ్ళ లిస్టు రాసి పెట్టుకుని, "మీ ఇంటికే వస్తారు తాతా" అని చెప్పి ఉన్నాను. దాన్ని 85కు పెంచారు. మార్చి 16న షెడ్యూలు ప్రకటించినప్పుడు దేశంలో 85 దాటిన ఓటర్లు 82 లక్షలు, 18, 19 ఏళ్ళవాళ్ళు 1.8 కోట్లు అని చెప్పారు. ఆ 82 లక్షల్లోకి రానివాళ్ళ ఇళ్ళకు నేను మళ్ళీ పోయి, కుదరదని చెప్పాలి. మంచం మీదున్న ఆ తాత, జాబితాలో డెబ్బై తొమ్మిది అని చెప్పాను కదా, ఆయన కూతురు నా మీద పడిపోయింది. "మనిషిని కళ్ళతో చూస్తా ఉండావు కదా, నీకు కాగితమే ముఖ్యమా?" నలభై శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే వయసుతో పనిలేదు, కానీ ఆయనకు ఆ సర్టిఫికెట్ లేదు. చేయించాలంటే ఆస్పత్రికి తీసుకుపోవాలి, స్లాటు దొరకాలి. టైం లేదు.

ఏప్రిల్ మొదటి వారం ఇంకో తమాషా. వాలంటీర్లను పింఛన్ల పనికి దూరంగా ఉంచమన్నారు కాబట్టి ఆ పని మా సచివాలయాల మీద పడింది. ఎండలో ముసలివాళ్ళు లైన్లలో నిలబడి ఉంటే, పొద్దున పింఛను ఇచ్చిన అవ్వనే సాయంత్రం ఓటు గురించి కలిసేదాన్ని. "పొద్దున దుడ్లిచ్చినావు, ఇప్పుడేం తీసుకుపోను వచ్చినావు?" అని ఒకావిడ అడిగింది.

కొత్త పేర్లకు చివరి గడువు ఏప్రిల్ 15. అప్పుడు పరుగెత్తుకుంటూ వచ్చారు పిల్లలు. ఎలక్షన్ వచ్చినప్పుడు చూసుకుందాం అన్న అబ్బాయి కూడా. ఆఖరి రెండు రోజులూ రాత్రి పదకొండు దాకా వెరిఫికేషన్లే. వాళ్ళలో చాలామందికి పోలింగ్ నాటికి కార్డు పోస్టులో రాలేదు. జాబితాలో పేరుంటే చాలు, ఆధార్‌తో వేయొచ్చు. ఈ ఒక్క ముక్క చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది.

ఏప్రిల్ 18న నోటిఫికేషన్. ఇంటి ఓటుకు ఫారం 12డి, అయిదు రోజుల్లో తీసుకుని అప్పగించాలి. ఒకసారి దానికి ఒప్పుకుంటే జాబితాలో పేరు పక్కన గుర్తు పడుతుంది, ఇక బూత్‌కి వచ్చి వేయడానికి వీల్లేదు. ఇది విని పంతులు గారు ఫారం వెనక్కి ఇచ్చేశారు. ఆయనకు ఎనభై ఏడు. "నడవగలిగితే బూత్‌కే వస్తా, లేకపోతే లేదు" అన్నారు. మే మొదటి వారంలో టీం వచ్చింది. ఇద్దరు పోలింగ్ సిబ్బంది, పోలీసు, వీడియో తీసే మనిషి, మైక్రో అబ్జర్వరు. వంటింటి పక్కన అట్ట అడ్డంపెట్టి అవ్వతో రెండు బ్యాలెట్లు వేయించారు. ఇంతమందిని చూసి చుట్టుపక్కలవాళ్ళు ఏదో రెయిడు అనుకుని గుమిగూడారు. ఇంకో ఇంటికి పోతే ఆ పెద్దాయన్ను వేలూరు ఆస్పత్రికి తీసుకుపోయారు. రెండోసారి వస్తారు, మూడోసారి రారు. ఆయన రెండోసారికి దొరికారు, నాకు గండం గడిచింది.

ఓటరు స్లిప్పులు పంచేటప్పుడు మళ్ళీ అన్ని ఇళ్ళూ తిరిగాను. మిగిలిపోయిన స్లిప్పులన్నీ ఊళ్ళో లేనివాళ్ళవి, వాళ్ళంతా ఆబ్సెంట్ లిస్టులోకి వెళ్ళారు. వీళ్ళు రారు అనుకున్నాను.

మే 13 సోమవారం. శనివారం రాత్రి నుంచే పలమనేరు రోడ్డు మీద బెంగుళూరు బస్సులు, కార్లు వరస కట్టాయి. పొద్దున ఏడుకు పోలింగ్ మొదలు. నా టేబులు బూత్ బయట, అక్షరాల వరసలో జాబితా పెట్టుకుని కూర్చున్నా. ముందు వరసలో ముసలివాళ్ళు, నేను అనుకున్నట్టే. తొమ్మిది దాటాక వచ్చారు, నేను ఏడాదిగా పేరు తప్ప ముఖం చూడనివాళ్ళు. టీషర్టులు, నీళ్ళ బాటిళ్ళు, చంకలో పిల్లలు. "మేడం, మా స్లిప్పు మీ దగ్గర ఉందంట." లైను ఇళ్ళవాళ్ళు కూడా హోసూరు నుంచి వచ్చారు. ఆబ్సెంట్ లిస్టులో ఉన్నవాళ్ళను లోపల రెండుసార్లు చూస్తారు, సంతకంతో పాటు వేలిముద్ర కూడా తీసుకుంటారు, లైను నెమ్మదించింది, నన్ను తిట్టారు. నా బూత్ జాబితా ఎంత ముసలిదని అనుకున్నానో, ఆ మధ్యాహ్నం లైను అంత పడుచుగా ఉంది.

వేళ్ళు చూసే దగ్గర ఇద్దరు ఆగిపోయారు. బెంగుళూరులో ఏప్రిల్ 26నే పోలింగ్ అయిపోయింది, తమిళనాడులో ఏప్రిల్ 19న. గోటి మీద ఆ సిరా ఇంకా పోలేదు. ఒకాయన రంగు పని చేస్తానని చెప్పాడు. ఏజెంట్లు పకపకా నవ్వారు. ఆయన వెనక్కి వెళ్ళిపోయాడు.

ఎక్కువమంది నన్ను అడిగిన ప్రశ్న మాత్రం రెండో మిషన్ గురించి. ఒకటి అసెంబ్లీకి, ఒకటి పార్లమెంటుకి. ఎమ్మెల్యే అభ్యర్థులు అందరికీ తెలుసు. "ఎంపీకి ఎవరు నిలబడినారు పాపా?" అని పెద్దవాళ్ళే కాదు, ఐటీ కుర్రాళ్ళు కూడా అడిగారు. చెప్పకూడదు, లోపల బయట అంటించిన లిస్టు చూసుకోండి అని చూపించాను. దేశం ఎన్నికలని పేరేగాని, నా టేబులు దగ్గర ఢిల్లీ మాట ఎత్తినవాళ్ళు తక్కువ. బీకాం పిల్ల వాళ్ళ నాన్నతో కలిసే వచ్చింది, ఆయన నన్ను చూసి తల తిప్పుకున్నాడు. పంతులు గారిని వీల్‌చైర్‌లో కూర్చోమంటే ససేమిరా అన్నారు. మంచం మీదున్న తాతను కూతురు ఆటోలో తెచ్చింది, వాలంటరీగా వచ్చిన స్టూడెంట్లు మోసుకుపోయారు. ఆమె నాతో మాట్లాడలేదు.

సాయంత్రం ఆరుకి గేటు మూసినా లైనులో ఉన్నవాళ్ళకు స్లిప్పులు ఇచ్చి ముగించేసరికి రాత్రయింది. రాష్ట్రం మొత్తం మీద 81.86 శాతం అని తర్వాత చెప్పారు.

ఆ రాత్రి, ఓటు మార్పించుకోమంటే తల్లి ముఖం మాడ్చుకున్న ఆ బెంగుళూరు కొడుకు నా దగ్గరికి వచ్చాడు. "మేడం, ఈసారికి కారు పెట్రోలు, టోలు, పిల్లలకు తిండి కలిపి ఆరు వేలు దాటింది. ఓటు అక్కడికి మార్చుకోవడం ఎలా?" ఫోన్‌లోనే ఫారం 8 చూపించాను. అర్జీ అక్కడి అధికారికి పోతుంది, ఇక్కడ మనం చేసేది ఏమీ ఉండదు, అది ఒప్పుకున్నాక ఇక్కడి పేరు దానంతటదే పోతుంది అని చెప్పాను. పక్కన నిలబడ్డ వాళ్ళమ్మ అంతా విని, "నీదొక్కటే మార్చుకో. కోడలిది ఇక్కడే ఉండనీ. ఇద్దరిదీ పోతే ఎలక్షన్లప్పుడు మా ఇంటికి ఎవుడొస్తాడు?" అంది.

జులైలో యాప్ తెరిస్తే ఆయన పేరు మా బూత్‌లో లేదు. కోడలి పేరు ఉంది. జులై 1కి పద్దెనిమిది నిండినవాళ్ళ ఫారం 6లు కొన్ని వెరిఫికేషన్‌కి వచ్చి ఉన్నాయి, అన్నీ మగపిల్లలవే. గౌరవ వేతనం ఇంకా పడలేదు.